గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌లో స్త్రీపురుష భేదాలు: ఒక సమీక్ష

గుండెలోని గదులను, వాటి మధ్య తలుపుల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే కవాటాలను లోపలివైపు కప్పి ఉంచే పలుచని పొరను ఎండోకార్డియం అంటారు. ఈ పొరకు, ముఖ్యంగా కవాటాల మీద ఉండే భాగానికి, బ్యాక్టీరియా గానీ అరుదుగా శిలీంధ్రాలు గానీ సోకినప్పుడు వచ్చే జబ్బును వైద్యులు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అని పిలుస్తారు. 1885లో విలియం ఆస్లర్ లండన్‌లో ఇచ్చిన గల్‌స్టన్ ఉపన్యాసాలు ఈ జబ్బుకు వైద్యశాస్త్రంలో స్పష్టమైన రూపురేఖలు ఇచ్చాయి. ఆ తర్వాత కూడా, పెన్సిలిన్ చేతికి వచ్చిన 1940ల వరకు, ఇది సోకినవారిలో బతికి బయటపడినవారు దాదాపుగా లేరు. యాంటీబయాటిక్‌లు వచ్చి, 1960ల నుంచి పాడైన కవాటాన్ని తీసి కొత్తది అమర్చే శస్త్రచికిత్స కూడా తోడయ్యాక పరిస్థితి ఎంతో మెరుగుపడింది గాని, నేటికీ పెద్ద ఆసుపత్రుల్లో చేరిన రోగులలో ఐదారుగురికి ఒకరు ఇంటికి తిరిగి వెళ్లలేకపోతున్నారు.

ఈ జబ్బుపై ఏ దేశంలో లెక్క తీసినా మొదట కనిపించేది స్త్రీపురుషుల నిష్పత్తి. 2000 నుంచి 2005 వరకు 25 దేశాల ఆసుపత్రులు కలిసి నమోదు చేసిన 2,781 మంది రోగులలో దాదాపు మూడింట రెండు వంతుల మంది పురుషులే. 2016–2018 మధ్య 40 దేశాలలోని 156 ఆసుపత్రుల నుంచి 3,116 మంది వివరాలు సేకరించిన యూరో ఎండో అధ్యయనంలోనూ స్త్రీల వాటా మూడో వంతుకు కాస్త తక్కువగానే ఉంది. యూరప్ హృద్రోగ వైద్యుల సంఘం 2009లో వెలువరించిన మార్గదర్శకాలు ఈ సంగతిని ప్రస్తావిస్తూ, పురుషులలో జబ్బు కనీసం రెట్టింపు కావడానికి కారణం తెలియదనీ, స్త్రీలలో ఫలితాలు మరింత చెడ్డగా ఉండవచ్చనీ, వారికి కవాట శస్త్రచికిత్స తక్కువగా జరుగుతున్నదనీ ఒకే చోట పేర్కొన్నాయి. ఈ మూడు పరిశీలనలూ ఒకదాని పక్కన ఒకటి నిలిచినా వాటి మూలాలు వేరు. జబ్బు ఎవరికి ఎక్కువగా వస్తుందన్నది చాలావరకు శరీర నిర్మాణానికీ జీవన పరిస్థితులకూ సంబంధించిన ప్రశ్న. వచ్చిన తర్వాత ఎవరు బతుకుతారన్నది అంతకంటే ఎక్కువగా వైద్య నిర్ణయాలకు సంబంధించిన ప్రశ్న. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లనే, స్త్రీలలో ఈ జబ్బు తక్కువగా వస్తుందన్న మాట కాలక్రమంలో స్త్రీలకు ఈ జబ్బుతో ముప్పు తక్కువన్న భావనగా జారిపోయింది.

భేదాలు ఎక్కడ పుడతాయో తెలియాలంటే జబ్బు మొదలయ్యే తీరు ముందుగా తెలియాలి. ఆరోగ్యంగా, నునుపుగా ఉన్న కవాటం మీద బ్యాక్టీరియా సులభంగా నిలవలేదు. పుట్టుకతో వచ్చిన లోపం వల్లనో, వాతజ్వరం (రుమాటిక్ ఫీవర్) వల్లనో, వయసుతో సున్నం పేరుకోవడం వల్లనో కవాటం సరిగా మూసుకోక రక్తం వేగంగా వెనక్కి చిమ్మినప్పుడు, ఆ తాకిడికి పొర గీసుకుపోయి, గాయపడిన చోట ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ అనే మాంసకృత్తి దారాలు చేరి చిన్న గడ్డ ఏర్పడుతుంది. చిగుళ్ల నుంచో, చర్మం నుంచో, పేగుల నుంచో, మూత్రనాళం నుంచో రక్తంలోకి దిగిన బ్యాక్టీరియా ఆ గడ్డను అంటిపెట్టుకొని పెరిగినప్పుడు అది వెజిటేషన్ అనే ముద్దగా మారుతుంది. దాని ముక్కలు విరిగి రక్తంలో కొట్టుకుపోతే మెదడులో పక్షవాతం, ప్లీహంలో, మూత్రపిండాలలో చచ్చుబడిన భాగాలు కనిపిస్తాయి. కవాటం చిరిగిపోతే గుండె విఫలమవుతుంది. అంటే జబ్బుకు రెండు షరతులు కావాలి: దెబ్బతిన్న ఉపరితలం ఒకటి, రక్తంలో తిరిగే సూక్ష్మజీవి మరొకటి. ఈ రెండింటిలోనూ స్త్రీపురుషులు సమానంగా లేరు.

ఉపరితలం విషయంలో పురుషులకు పుట్టుకతోనే ఒక ప్రతికూలత ఉంది. ఎడమ జఠరిక నుంచి శరీరానికి రక్తం పంపే బృహద్ధమని ద్వారం వద్ద ఉండే అయోర్టిక్ కవాటానికి మామూలుగా మూడు రేకులు ఉంటాయి. జనాభాలో నూటికి ఒకరిద్దరికి మాత్రం రెండే రేకులు ఏర్పడతాయి, ఈ లోపం పురుషులలో స్త్రీలకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు రేకుల కవాటం తొందరగా గట్టిపడుతుంది, తొందరగా కారుతుంది, తొందరగా ఇన్ఫెక్షన్‌కు గురవుతుంది. అందువల్ల పురుషులలో ఎండోకార్డైటిస్ అయోర్టిక్ కవాటం మీద ఎక్కువగా కనిపిస్తే, స్త్రీలలో ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటం మీద, అంటే ద్విపత్ర కవాటం మీద, ఎక్కువగా కనిపిస్తుంది. వయసు మళ్లిన స్త్రీలలో మైట్రల్ కవాటం చుట్టూ ఉండే వలయంలో సున్నం పేరుకోవడం పురుషులకంటే ఎక్కువ. ఈ సున్నపు గట్లు ఇన్ఫెక్షన్‌కు చోటివ్వడమే కాకుండా, శస్త్రచికిత్స అవసరమైతే కుట్లు వేయడాన్నీ కష్టతరం చేస్తాయి. తర్వాత చర్చించబోయే శస్త్రచికిత్సల వ్యత్యాసానికి ఈ శరీర నిర్మాణ వివరం కొంతవరకు మూలం కావడం వల్ల దీన్ని గుర్తుంచుకోవాలి.

రెండవ షరతైన రక్తంలోని సూక్ష్మజీవుల విషయంలో చిత్రం మరింత చిక్కుగా ఉంటుంది. ప్రస్తుతం ధనిక దేశాలలో ఈ జబ్బుకు మొదటి కారణమైన స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా చాలామంది ముక్కులో హాని చేయకుండా నివసిస్తుంది. అలా మోసేవారిలో పురుషులు ఎక్కువ, దాన్ని రక్తంలోకి దింపుకొనేవారిలోనూ పురుషులే ఎక్కువ. పంటి చిగుళ్ల జబ్బు పురుషులలో ఎక్కువగా, తీవ్రంగా ఉంటుంది, నోటిలో నివసించే స్ట్రెప్టోకాకస్ జాతులకు అది రాజమార్గం. పెద్ద వయసు పురుషులలో ప్రోస్టేట్ సమస్యలు, వాటికోసం చేసే పరీక్షలు ఎంటెరోకాకస్‌కు దారి తెరుస్తాయి. స్త్రీల వైపు చూస్తే, ఎండోకార్డైటిస్‌కు చాలా అరుదైన కారణమైన ఈ.కోలై బ్యాక్టీరియా మాత్రం వృద్ధ స్త్రీలలో మూత్రనాళ ఇన్ఫెక్షన్ల వెంట రావడం గమనించదగినది. డయాలిసిస్ చేయించుకొనే స్త్రీలకు చేతి రక్తనాళాలు సన్నగా ఉండడం వల్ల, ధమనినీ సిరనూ కలిపి కుట్టే ఫిస్టులా కుదరక, మెడలోని పెద్ద సిరలో గొట్టం అమర్చుకోవలసి రావడం ఎక్కువ. చర్మం మీది స్టెఫిలోకాకస్ లోపలికి పాకడానికి ఆ గొట్టమే మార్గమవుతుంది. స్త్రీలలో వచ్చే ఎండోకార్డైటిస్‌లో ఆసుపత్రి చికిత్సల వెంట వచ్చినవాటి వాటా ఎక్కువగా కనిపించడానికి ఇటువంటి కారణాలే ఉన్నాయి.

నిష్పత్తి ఎంతగా జీవన పరిస్థితుల మీద ఆధారపడి ఉంటుందో అమెరికా అనుభవం చూపుతుంది. అక్కడ మత్తుమందులను సిరలోకి ఎక్కించుకొనేవారిలో, గుండె కుడివైపున ఉండే త్రిపత్ర కవాటం మీద వచ్చే ఇన్ఫెక్షన్ చాలాకాలంపాటు ప్రధానంగా పురుషుల జబ్బుగానే ఉండేది. నొప్పి నివారణ కోసం మొదలైన ఓపియాయిడ్ మందుల వాడకం 2000 తర్వాత హెరాయిన్, ఫెంటనిల్ ఇంజెక్షన్ల వైపు మళ్లి, ఆ వ్యసనంలోకి యువతులు పెద్దసంఖ్యలో జారిన కొద్దీ, ఈ రకం ఎండోకార్డైటిస్‌తో ఆసుపత్రుల్లో చేరేవారిలో స్త్రీల వాటా కూడా పెరుగుతూ వచ్చింది. ఒకటిన్నర దశాబ్దంలో స్త్రీల శరీర ధర్మం మారలేదు, రక్తంలోకి బ్యాక్టీరియా దిగే మార్గం మారింది, జబ్బు ఆ మార్గాన్ని అనుసరించింది.

అయితే పరిస్థితులే సర్వస్వమనడానికీ వీల్లేదని రెండు రకాల ఆధారాలు సూచిస్తాయి. మేకలు, గొర్రెలు, ఆవుల నుంచి మనుషులకు సోకే కాక్సియెల్లా బర్నెటీ అనే బ్యాక్టీరియా క్యూ జ్వరాన్నీ, కొందరిలో దీర్ఘకాలం సాగే ఎండోకార్డైటిస్‌నూ కలిగిస్తుంది. బాల్యంలో బాలబాలికలలో దాదాపు సమానంగా ఉండే క్యూ జ్వరం యవ్వనం తర్వాత పురుషులలో ఎక్కువవుతుంది. ఫ్రాన్స్‌లోని పరిశోధకులు ఎలుకల మీద జరిపి 2004లో ప్రచురించిన ప్రయోగాలలో, అండాశయాలు తొలగించిన ఆడ ఎలుకలలో ఈ బ్యాక్టీరియా ఎక్కువగా పెరిగిందనీ, స్త్రీ హార్మోనైన ఈస్ట్రడియాల్ ఇచ్చినప్పుడు దాని పెరుగుదల తగ్గిందనీ తేలింది. ఎలుకలలో ఒక బ్యాక్టీరియా విషయంలో తేలినదాన్ని మనుషులలోని అన్ని బ్యాక్టీరియాలకూ వర్తింపజేయడం తొందరపాటే అవుతుంది గాని, హార్మోన్లు ఈ కథలో ఏదో ఒక పాత్ర వహిస్తున్నాయన్న అనుమానానికి ఇంతకంటే నేరుగా చేసిన పరీక్షలు కొద్దే.

రెండవ ఆధారం ప్రయోగశాల వెలుపల నుంచి వచ్చింది. ఛాతీ తెరవకుండా తొడలోని రక్తనాళం గుండా కొత్త అయోర్టిక్ కవాటాన్ని అమర్చే టావి పద్ధతి వృద్ధులలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది, దాన్ని చేయించుకొనేవారిలో స్త్రీలు దాదాపు సగం మంది ఉంటారు. అందరికీ అదే కవాటం, అదే పద్ధతి, అదే వయసు వర్గం. ఇరవై వేల మందికి పైగా ఇటువంటి రోగులను పరిశీలించి 2016లో ప్రచురించిన అంతర్జాతీయ అధ్యయనంలో 250 మందికి ఆ కొత్త కవాటం మీద ఎండోకార్డైటిస్ వచ్చింది. అలా వచ్చే అవకాశాన్ని పెంచే అంశాలలో పురుషుడు కావడం స్వతంత్రంగా నిలిచింది. పాత కవాట లోపాలు, రెండు రేకుల సమస్య ఇక్కడ పక్కకు తొలగిపోయాయి కాబట్టి, మిగిలిన తేడాకు నోటి ఆరోగ్యం, స్టెఫిలోకాకస్‌ను మోసే అలవాటు, రోగనిరోధక స్పందన వంటివాటినే వెతుక్కోవాలి. స్త్రీపురుష నిష్పత్తిపై ఇప్పటివరకు దొరికిన సాక్ష్యాలలో ఇదే బలమైనదిగా పరిగణించడం సమంజసం.

భారతదేశానికి వచ్చేసరికి ప్రశ్న పూర్తిగా వేరే రూపం ధరిస్తుంది. ఇక్కడ ఎండోకార్డైటిస్ వృద్ధుల జబ్బు కాదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ 1980లలో చూసిన 186 మంది రోగుల సగటు వయసు 25 సంవత్సరాలు మాత్రమే. వారిలో 42 శాతం మందికి రుమాటిక్ గుండె జబ్బు, దాదాపు మూడో వంతు మందికి పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు పునాదిగా ఉన్నాయి. రుమాటిక్ గుండె జబ్బు అంటే, చిన్నతనంలో గొంతునొప్పి కలిగించే స్ట్రెప్టోకాకస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న ఆయుధాలు పొరపాటున సొంత కవాటాల మీదికే మళ్లడం వల్ల వచ్చే జబ్బు. ఆ 186 మందిలో పురుషులు 133 మంది, స్త్రీలు 53 మంది.

ఈ అంకెలను మరో అంకె పక్కన పెట్టినప్పుడు అసలు చిక్కు బయటపడుతుంది. భారతదేశంతో సహా 14 దేశాలలో రుమాటిక్ గుండె జబ్బు ఉన్న 3,343 మందిని నమోదు చేసిన రెమెడీ అధ్యయనంలో దాదాపు 66 శాతం మంది స్త్రీలే. పునాది జబ్బు స్త్రీలలో ఎక్కువగా ఉన్నప్పుడు, దాని మీద వచ్చే ఇన్ఫెక్షన్ పురుషులలో రెండు రెట్లకు పైగా కనిపించడం ఎలా సాధ్యమన్న ప్రశ్నకు ఒక జవాబు ద్రవ గతిశాస్త్రం నుంచి వస్తుంది. రక్తం అధిక పీడనం నుంచి అల్ప పీడనం వైపు సన్నని సందు గుండా వేగంగా చిమ్మినచోటనే బ్యాక్టీరియా నిలుస్తుందని 1963లో సైమన్ రాడ్‌బార్డ్ ప్రయోగాలతో చూపించారు. స్త్రీలలో ఎక్కువగా ఉండే మైట్రల్ స్టెనోసిస్‌లో, అంటే ద్విపత్ర కవాటం మూసుకుపోతున్నట్టు సన్నబడే స్థితిలో, పీడనాల తేడా తక్కువ కాబట్టి ఇన్ఫెక్షన్ అరుదు. కవాటం కారే స్థితిలో, ఎడమ జఠరిక బలమంతా వెనకనున్న కర్ణిక మీదికి చిమ్ముతుంది కాబట్టి, అది తరచు. ఈ వివరణలో నిజం ఉంది. కాని అది మొత్తం తేడాను మింగేయగలదని అనుకోవడానికి ఆధారం లేదు, ఎందుకంటే రుమాటిక్ జబ్బుతో ఆసుపత్రికి వచ్చే స్త్రీలలో సన్నబడటం, కారడం రెండూ కలిసి ఉన్నవారు తక్కువేమీ కాదు.

రెండవ జవాబు ఆసుపత్రి గుమ్మం దగ్గర దొరుకుతుంది. ఆసుపత్రి రికార్డులలో లెక్కకు వచ్చేది జబ్బు పడినవారు కాదు, జబ్బు పడి అక్కడికి చేరగలిగినవారు. అదే ఢిల్లీ సంస్థ ఔట్ పేషెంట్ విభాగాలకు 2016లో జరిగిన ఇరవై మూడు లక్షలకు పైగా సందర్శనలను విశ్లేషించిన అధ్యయనం, ఒక్కో స్త్రీకి 1.69 మంది పురుషులు వచ్చినట్టు చూపించింది. దూరం నుంచి వచ్చేవారిలో, పిల్లలలో, వృద్ధులలో ఈ తేడా ఇంకా పెరిగింది. పుట్టుకతో గుండె లోపం ఉన్న పిల్లల గురించి అదే సంస్థ వైద్యులు 2011లో ప్రచురించిన పరిశీలనలో, శస్త్రచికిత్స చేయించమని చెప్పిన తర్వాత 70 శాతం మంది అబ్బాయిలకు అది జరగగా, అమ్మాయిలలో 44 శాతం మందికి మాత్రమే జరిగింది. జఠరికల మధ్య రంధ్రాన్ని మూయకుండా వదిలేసిన బిడ్డ జీవితాంతం ఎండోకార్డైటిస్ ముప్పుతో బతుకుతుంది. ఆ ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు, అప్పటికే ఒకసారి వెనక్కి తీసుకువెళ్లిన అమ్మాయిని మళ్లీ అదే ఆసుపత్రికి తీసుకువస్తారన్న నమ్మకం లేదు. అందువల్ల భారతీయ పట్టికల్లో కనిపించే పురుషాధిక్యాన్ని జీవశాస్త్రంగా చదివే ముందు, రాని స్త్రీల సంఖ్యను మనసులో కలుపుకొని చదవాలి.

తెలుగు ప్రాంతంలో ఈ విషయానికి సంబంధించిన ఒక ముఖ్యమైన ప్రయోగం ప్రభుత్వమే చేసింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం పేద కుటుంబాలకు గుండె శస్త్రచికిత్సల ఖర్చును భరించింది, పిల్లల గుండె లోపాలు, కవాట మార్పిడులు మొదటి నుంచీ దానిలో ముఖ్యభాగం. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంట్లో కొడుకు ఆపరేషన్‌కూ కూతురి ఆపరేషన్‌కూ ఖర్చులో తేడా లేకపోయినా, పథకం వినియోగాన్ని విశ్లేషించిన అధ్యయనాలలో స్త్రీల వాటా పురుషులకంటే తక్కువగానే కనిపించింది. అంటే డబ్బు అడ్డంకి తొలగినచోట కూడా మరికొన్ని అడ్డంకులు మిగిలే ఉన్నాయి: ఆసుపత్రిలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉండాలి, తోడుగా ఒక మనిషి ఉండాలి, చికిత్సకు వెళ్లిన స్త్రీ లేని ఇంట్లో వంట, పిల్లలు, పశువులు ఎవరు చూస్తారన్నది తేలాలి. ఎండోకార్డైటిస్ చికిత్స సిరలోకి రోజూ పలుమార్లు యాంటీబయాటిక్ ఎక్కిస్తూ వారాల తరబడి సాగేది కావడం వల్ల, మిగతా గుండె జబ్బుల కంటే ఈ అడ్డంకులు ఇక్కడ మరింత బరువెక్కుతాయి.

రోగ నిర్ధారణలోని ఆలస్యాన్ని కూడా ఈ సందర్భంలోనే చూడాలి. వారాల తరబడి సన్నని జ్వరం, నీరసం, బరువు తగ్గడం, రక్తహీనత, కొత్తగా వినిపించే గుండె మర్మర్ ఈ జబ్బుకు సాధారణ లక్షణాలు. డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు 1994లో రూపొందించి, 2000లో సవరించి, 2023లో విస్తరించిన ప్రమాణాలలో రక్తాన్ని కల్చర్ చేయడం, ఎకో పరీక్షలో వెజిటేషన్‌ను చూడటం ప్రధానాంశాలు, వాటిలో స్త్రీపురుష భేదం ఏదీ లేదు. భేదం ఆ పరీక్షల వరకు చేరడంలో ఉంది. పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీలో రక్తహీనతా నీరసమూ ఎంత సాధారణమంటే, వాటికి నెలసరినో, తిండి లోపాన్నో, ఇటీవలి కాన్పునో కారణంగా చెప్పి ఐరన్ మాత్రలతో సరిపెట్టడానికి అవకాశం ఎక్కువ. జ్వరానికి ఊళ్లో ఆర్‌ఎంపీ వైద్యుడి దగ్గర రెండు మూడు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడితే జ్వరం తాత్కాలికంగా దిగి, ఆ తర్వాత పెద్దాసుపత్రిలో చేసే కల్చర్‌లో ఏ బ్యాక్టీరియా పెరగదు. భారతీయ అధ్యయనాలలో కల్చర్‌లో ఏమీ దొరకని కేసుల వాటా ఎక్కువగా ఉండటానికి ఇది ప్రధాన కారణం. ఈ దెబ్బ స్త్రీపురుషులిద్దరికీ తగిలేదే అయినా, పెద్దాసుపత్రికి ఆలస్యంగా చేరేవారికి మరింత గట్టిగా తగులుతుంది.

ఇక ఫలితాల విషయం. స్పెయిన్‌లోని ఆసుపత్రులు 2008 నుంచి ఉమ్మడిగా నడుపుతున్న గేమ్స్ నమోదు సమాచారంలో మూడు వేలకు పైగా రోగులను పరిశీలించినప్పుడు, మూడో వంతున్న స్త్రీలు పురుషులకంటే సగటున కొన్నేళ్లు పెద్దవారు. పురుషులలో దాదాపు సగం మందికి శస్త్రచికిత్స జరిగితే స్త్రీలలో దాదాపు 38 శాతం మందికే జరిగింది. ఆసుపత్రిలో మరణించినవారు పురుషులలో నాలుగో వంతు దరిదాపుల్లో, స్త్రీలలో మూడో వంతు దరిదాపుల్లో ఉన్నారు. అమెరికాలోని డ్యూక్ ఆసుపత్రి నుంచి 2007లో వచ్చిన అధ్యయనం కూడా స్త్రీలకు శస్త్రచికిత్స తక్కువగా జరిగిన సంగతి చూపింది గాని, స్త్రీలలో ముందునుంచే ఉన్న ఇతర జబ్బులను లెక్కలోకి తీసుకున్నప్పుడు తేడాలో చాలా భాగానికి వివరణ దొరుకుతుందని తేల్చింది. స్త్రీ కావడమే మరణావకాశాన్ని పెంచుతుందన్న అధ్యయనాలూ, అటువంటిది లేదన్న అధ్యయనాలూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. శస్త్రచికిత్స తక్కువన్న విషయంలో మాత్రం వాటి మధ్య ఏకీభావం చాలా ఎక్కువ.

ఈ తేడాలో కొంత భాగం న్యాయమైనదే. కవాటం చుట్టూ చీము గడ్డ కట్టడం అయోర్టిక్ కవాటం విషయంలోనే ఎక్కువ, అది దాదాపు ఎప్పుడూ కత్తి పట్టవలసిన పరిస్థితి. అది పురుషులలో ఎక్కువ కాబట్టి వారి శస్త్రచికిత్సల సంఖ్య పెరగడం సహజం. స్త్రీ రోగుల సగటు వయసు ఎక్కువ కావడం, మైట్రల్ వలయంలోని సున్నం, చిన్న గుండెలో చిన్న కవాటం అమర్చడంలోని కష్టం కూడా నిజమైనవే. కాని వీటన్నిటినీ తూకంలో వేసిన తర్వాత కూడా, శస్త్రచికిత్స అవసరమని మార్గదర్శకాలే చెప్పే స్థితిలో, అంటే గుండె విఫలమవుతున్నప్పుడు, ఇన్ఫెక్షన్ మందులకు లొంగనప్పుడు, పెద్ద వెజిటేషన్ విరిగిపడే ప్రమాదం ఉన్నప్పుడు కూడా, స్త్రీలకు అది తక్కువగా జరుగుతున్నట్టు పలు అధ్యయనాలలో కనిపిస్తుంది. ఆ మిగులు భాగాన్ని ఏ శరీర నిర్మాణమూ సమర్థించదు.

నిర్ణయం ఎలా తీసుకుంటారో దగ్గర నుంచి చూస్తే ఆ మిగులు కొంత అర్థమవుతుంది. గుండె శస్త్రచికిత్సలో ముప్పును అంచనా వేయడానికి 1999లో వచ్చిన యూరోస్కోర్ అనే లెక్కలో స్త్రీ అయినందుకు 1 పాయింటు, ఎండోకార్డైటిస్‌కు ఇంకా చికిత్స నడుస్తుంటే 3 పాయింట్లు, 70–74 ఏళ్ల వయసుకు 3 పాయింట్లు, బైపాస్ కాక వేరే పెద్ద గుండె ఆపరేషన్ అయినందుకు 2 పాయింట్లు వేస్తారు. 72 ఏళ్ల స్త్రీకి కవాట ఇన్ఫెక్షన్ వస్తే ఈ నాలుగింటితోనే 9 పాయింట్లు, అదే వయసు పురుషుడికి అదే జబ్బు వస్తే 8 పాయింట్లు. 6, ఆపైన పాయింట్లు ఉన్నవారందరూ అధిక ముప్పు వర్గమే కాబట్టి ఇద్దరూ ఒకే గదిలో ఉన్నట్టే, ఆ ఒక్క పాయింటు వైద్యపరంగా పెద్ద తేడా చూపదు. తర్వాత వచ్చిన యూరోస్కోర్ 2 కూడా స్త్రీత్వాన్ని ముప్పు అంశంగానే లెక్కిస్తుంది. ఇక్కడ మరచిపోయే సంగతి ఒకటుంది: ఈ లెక్కలన్నీ ఆపరేషన్ చేస్తే వచ్చే ముప్పును చెబుతాయే గాని, చేయకపోతే వచ్చే ముప్పును చెప్పవు. చీలిపోయిన కవాటంతో గుండె విఫలమవుతున్న రోగికి ఆపరేషన్ లేకపోతే మరణం చాలావరకు ఖాయమని తెలిసినప్పుడు, ఆపరేషన్ ముప్పు 15 శాతమా 18 శాతమా అన్న చర్చకు విలువ ఉండదు. స్త్రీలకు ముప్పు ఎక్కువన్న అభిప్రాయంతో శస్త్రచికిత్సను వాయిదా వేసి, చివరకు పరిస్థితి విషమించాక చేసినప్పుడు వారి ఫలితాలు చెడి, ఆ చెడ్డ ఫలితాలే తర్వాతి లెక్కలో స్త్రీలకు ముప్పు ఎక్కువన్న దానికి సాక్ష్యమవుతాయి. ఈ వలయాన్ని గుర్తించకుండా స్త్రీలలో మరణాల గురించి మాట్లాడడం అసంపూర్ణం.

అధ్యయనాల పద్ధతిలోనూ ఒక బలహీనత ఉంది. శస్త్రచికిత్స పొందాలంటే రోగి అంతవరకు బతికి ఉండాలి, కాబట్టి మొదటి కొద్ది రోజుల్లోనే మరణించినవారు లెక్కలో ఎప్పుడూ శస్త్రచికిత్స పొందనివారిగానే మిగులుతారు. ఆలస్యంగా వచ్చి వెంటనే మరణించేవారిలో స్త్రీలు ఎక్కువైతే, శస్త్రచికిత్సలలోని తేడా ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించవచ్చు. మరోవైపు, ఇతర జబ్బులను సర్దుబాటు చేసినప్పుడు తేడా మాయమైందని చెప్పే అధ్యయనాలు ఆ సర్దుబాటులో శస్త్రచికిత్స జరిగిందా లేదా అన్నదాన్ని కూడా కలిపితే, స్త్రీలకు జరిగిన అన్యాయాన్నే లెక్కలోంచి తుడిచివేసినట్టవుతుంది. చికిత్సను పరీక్షించే ప్రయోగాలలోనూ స్త్రీల వాటా తక్కువే. సిరలోకి ఎక్కించే మందుల నుంచి మాత్రలకు మారవచ్చని నిరూపించి 2019లో ప్రచురితమైన డెన్మార్క్‌లోని పొయెట్ ప్రయోగంలో పాల్గొన్న 400 మందిలో స్త్రీలు నాలుగో వంతు కంటే తక్కువ. ఆపరేషన్ వైపు మొగ్గు చూపడానికి హద్దుగా పెట్టే 10 మిల్లీమీటర్ల వెజిటేషన్ పొడవు కూడా శరీర పరిమాణాన్ని పట్టించుకోదు. చిన్న కవాటం మీద 9 మిల్లీమీటర్ల ముద్ద, పెద్ద కవాటం మీద 10 మిల్లీమీటర్ల ముద్ద సమానమో కాదో పరీక్షించవలసిన ప్రశ్నే.

గర్భిణులలో ఈ జబ్బు చాలా అరుదు గాని, వచ్చినప్పుడు తల్లికీ బిడ్డకూ ప్రాణాంతకం కాగలదు. ఎండోకార్డైటిస్ చికిత్సలో తరచు వాడే జెంటామైసిన్ గర్భస్థ శిశువు వినికిడి నాడిని దెబ్బతీసే అవకాశం ఉంది. గుండె-ఊపిరితిత్తుల యంత్రం మీద చేసే ఆపరేషన్‌లో తల్లికి మామూలు స్త్రీతో సమానమైన అవకాశాలే ఉన్నా, గర్భస్థ శిశువుకు ముప్పు చాలా ఎక్కువ. అందువల్ల బిడ్డ బయట బతకగల వయసుకు వచ్చి ఉంటే ముందు కాన్పు చేసి తర్వాత కవాటం మార్చడం ఆనవాయితీ. వాతజ్వరపు కవాటంతోనే గర్భం దాల్చే స్త్రీలు మన దేశంలో నేటికీ ఉన్నారు కాబట్టి ఈ అరుదైన స్థితి ఇక్కడ వైద్యులకు పాఠ్యపుస్తక విషయంగా మిగలదు.

యువతికి కవాటం మార్చవలసి వచ్చినప్పుడు ఎదురయ్యే ఎంపిక ఇంకా కఠినం. లోహపు కవాటం ఎంతోకాలం మన్నుతుంది గాని, గడ్డలు కట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ మింగాలి. ఆ మందు గర్భం మొదటి నెలల్లో శిశువు అవయవ నిర్మాణాన్ని దెబ్బతీయగలదు. జంతు కణజాలంతో చేసిన కవాటానికి ఆ బాధ లేదు గాని, యువ వయసులో అది పది పదిహేనేళ్లలో పాడైపోయి రెండో ఆపరేషన్ తప్పదు. కవాటాన్ని మార్చకుండా బాగుచేయగలిగితే ఈ రెండు చిక్కులూ తప్పుతాయి. స్త్రీలలో ఎక్కువగా దెబ్బతినే మైట్రల్ కవాటం, ఇన్ఫెక్షన్ దాన్ని పూర్తిగా తినేయకముందే చేరుకుంటే, తరచు బాగుచేయదగినదే కావడం గమనార్హం. తొందరగా ఆపరేషన్ చేయడానికి యువతుల విషయంలో ఇది అదనపు కారణం.

ఒకసారి ఎండోకార్డైటిస్ వచ్చి తగ్గినవారు, స్త్రీ అయినా పురుషుడైనా, మళ్లీ వచ్చే ముప్పు అత్యధికంగా ఉన్న వర్గంలోకి చేరతారు. పన్ను పీకించుకోవడం వంటి చికిత్సలకు అరగంట నుంచి గంట ముందు వారికి 2 గ్రాముల అమాక్సిసిలిన్ ఇవ్వాలని మార్గదర్శకాలు చెబుతాయి. వాతజ్వరం తిరగబెట్టకుండా మూడు వారాలకోసారి వేసే పెనిడ్యూర్ అనే పెన్సిలిన్ ఇంజెక్షన్ ఈ రక్షణ ఇవ్వదు. పైగా దాన్ని వాడేవారి నోటిలోని బ్యాక్టీరియాలో పెన్సిలిన్‌ను తట్టుకొనేవి పెరిగి ఉండవచ్చు కాబట్టి, పంటి చికిత్సకు ముందు వారికి వేరే వర్గపు మందును ఎంచుకుంటారు. రుమాటిక్ గుండె జబ్బు ఉన్నవారిలో దాదాపు మూడింట రెండు వంతులు స్త్రీలే అయినప్పుడు, ఈ ఒక్క సూచన డిశ్చార్జి కాగితం మీద వారికి అర్థమయ్యే తెలుగులో రాసి ఉండటం, పళ్ల డాక్టరుకు ఆ కాగితం చూపించాలని వారికీ ఇంట్లోవారికీ విడివిడిగా చెప్పడం చికిత్సలో భాగమే అవుతుంది.